మరనాయి వచ్చిపోయినాక



పొంగల్ నాడు కలిసినప్పుడు కూడా నలుగురైదుగురు అదే అడిగారు, "మీ ఇంటి కోళ్లను కీరి కొట్టేసిందంట కదా?" అని. కీరి కాదు. ఎందుకు కాదో ఒకసారి రాసిపెడితే మంచిదనిపించింది. మనలో పల్లె పక్కన ఉండేవాళ్లలో చానామంది ఇళ్లలో నాలుగు కోళ్లైనా ఉన్నాయి. కొట్టింది ఏదో తెలియకపోతే మిగిలినవాటిని కాపాడేది కుదరదు. ఇంకొక సంగతి ఏమంటే, రాత్రి ఎన్ని చచ్చాయని అందరూ అడుగుతారు, బతికినవాటిని తరువాత ఎట్లా చూసుకున్నారని ఎవరూ అడగరు. మేము చెప్పాలనుకున్నది ఎక్కువగా ఆ రెండో సంగతే.

కోళ్లు మా అక్కవి. బావ పోయినాక ఆమె మా ఇంటికి వచ్చి పదకొండేళ్లయింది. వచ్చేటప్పుడు ఒక గంపలో మూడు పెట్టలనూ ఒక పుంజునూ తెచ్చుకుంది. పోయిన ఐప్పసికి అవి పన్నెండు. అన్నీ చిన్న రకం నాటుకోళ్లు, మా కోవిల్పట్టి వైపు సిరువిడై అంటారు. గుడ్లు తక్కువే పెడతాయి గానీ పొదిగి పిల్లలను లేపడంలో వీటికి సాటి లేదు. గుడ్డు 15 రూపాయలకు వీధిలోనే పోతుంది. ఆ డబ్బుతోనే అక్క తన చీటీ కడుతుంది, సంఘం చందా కడుతుంది, మా మనుమరాలికి దీపావళికి గాజులు కొంటుంది. పెన్షన్లో మేము ఇస్తామంటే తీసుకోదు. "నా చేతి డబ్బు నాకుంది" అంటుంది. అందువల్ల ఆ రాత్రి ఐదు కోళ్లు పోయాయని లెక్క చెబితే అది పూర్తి లెక్క కాదు.

ఐప్పసి కడ వారం, రెండు రోజులుగా ముసురు. రాత్రి రెండున్నరకు ఒక్క అరుపు వినిపించింది, అంతే. మేము టార్చి తీసుకొని పెరట్లోకి పోయేసరికి గూట్లో చప్పుడే లేదు. కోడికి చీకట్లో కన్ను ఆనదు. పక్కదాని మెడ కొరుకుతున్నా కర్ర మీద అట్లే ముడుచుకొని కూర్చుంటుంది. పగలైతే ఎగిరి గోల చేసి ఊరంతా లేపే పక్షి, రాత్రి అయ్యేసరికి బొమ్మ. పుంజుతో చేర్చి ఐదు చచ్చిపడి ఉన్నాయి. ఒకదాన్ని మాత్రం రొమ్ము దాకా తిన్నది. మిగిలిన నాలుగింటికి మెడ మీద పంటి గాట్లు, అంతకు మించి ముట్టలేదు.

తెల్లారేసరికి వీధివాళ్లు వచ్చారు. అందరూ నేల చూశారు, బొక్క ఎక్కడుందని. బొక్క లేదు. తలుపు గొళ్లెం పెట్టినట్టే ఉంది. పక్కల వల చెక్కు చెదరలేదు. అయినా "కీరే" అన్నారు. కీరి, అదే మన ముంగిస, పగటి జంతువు. పొద్దు గుంకితే తన బొక్కలోకి పోయి పడుకుంటుంది. మధ్యాహ్నం పూట పిల్లలతో మేసే కోడి మీద పడిందంటే నమ్మవచ్చు. రాత్రి రెండున్నరకు అది రాదు. కుక్క అయితే తలుపో వలో విరిచి, ఒకటో రెండో ఎత్తుకొని పోయేది, వీధంతా ఈకలు ఉండేవి. పిల్లి కోడిపిల్లలను పడుతుంది గానీ పెద్ద కోళ్లు ఐదింటి జోలికి పోదు.

మా ఇంటావిడ పైకి చూసింది. గూటి కప్పు మీద నాటు పెంకు ఒకటి జరిగి ఉంది. దాని మీదికి వేపకొమ్మ వాలి ఉంది. పక్కన పిట్టగోడ మీద రెట్ట, దాని నిండా అరగని బొప్పాయి గింజలు. అప్పుడు తేలిపోయింది, మరనాయి అని. తెలుగులో మానుపిల్లి అంటారు. చెట్లెక్కే జంతువు, రాత్రి తిరుగుతుంది, ఎక్కువగా పండ్లే తింటుంది. పండ్లు తినేది కోడిని పడుతుందా అని ఒకాయన వాదించాడు. పడుతుంది. ఎలుక, గుడ్డు, పక్షి, చిక్కింది ఏదైనా తింటుంది. ఒక్కటి తిని నాలుగు ఎందుకు చంపిందంటే, బయట అయితే ఒకదాన్ని పట్టేసరికి మిగిలినవి పారిపోతాయి. మూసిన గూట్లో పారిపోయే దారి లేదు, కళ్లముందు రెక్కలు కొట్టుకుంటూనే ఉంటాయి. కదిలిన దాన్నల్లా కొరుకుతుంది. పగబట్టి చేసిందని అనుకునేవాళ్లు ఉన్నారు. జంతువుకు పగ ఏముంటుంది.

చచ్చినవాటిని అడిగినవాళ్లు ఇద్దరు వచ్చారు, కూరకు. ఇవ్వలేదు. కొరికిన నోట్లో ఏముందో, ఎంతసేపు తడిలో పడి ఉన్నాయో. మోకాలి లోతు గుంట తీసి సున్నం చల్లి పూడ్చాము. మా అన్న కొడుకు బోను పెట్టి పడతానన్నాడు, ఇంకొకడు మందు పెడదామన్నాడు. రెండూ వద్దన్నాము. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద మరనాయిని గానీ కీరిని గానీ పట్టినా చంపినా నేరం. మందు పెడితే ముందు చచ్చేది వీధి కుక్క, తరువాత కాకి. పైగా అట్లాంటి జంతువు చేతిని కొరికితే కుక్క కాటుకు వేసే సూదులన్నీ వేయించుకోవాలి. గీరినా అంతే. అది చెప్పినాక వాడు మాట మార్చాడు.

ఇక బతికినవి ఏడు. వాటిలో మూడింటికి గాయాలు. ఎర్ర పెట్టకు నడినెత్తి నుంచి మెడ వెనక దాకా తోలు లేచిపోయి ఎముక కనిపిస్తోంది. చూసినవాళ్లంతా "దీన్ని కోసేయండి" అన్నారు. పొడల పెట్ట ఒక కాలు ఈడుస్తోంది, తోక ఈకలు మొత్తం పోయాయి. కాకి పెట్ట పైకి చక్కగా ఉంది. అక్క ఊరుకోలేదు, దీపం దగ్గర పెట్టి ఈకలు ఒక్కొక్క వరసా విడదీసి చూసింది. రెక్క కింద రెండు చిన్న రంధ్రాలు, పెన్ను మొన గుచ్చినంత. రక్తం కూడా లేదు. గాయపడినవే కాదు, బాగున్నట్టు కనిపించే నాలుగింటినీ అట్లే చూసింది. కోడి ఒళ్లంతా ఈకలే కాబట్టి లోపల ఏముందో పైకి తెలియదు. తాను బలహీనంగా ఉన్నట్టు కనపడకుండా దాచుకోవడం కూడా దానికి అలవాటు.

ముందుగా మందులు కాదు కావలసింది. గాయపడిన మూడింటినీ వేర్వేరుగా పంజారాల కింద పెట్టాము. బళ్లో నేర్చిన అరవంలో పంజారం, మా అమ్మ నోట్లో అది కోళ్లగంప. ఇంట్లో ఇప్పుడు రెండు మాటలూ నడుస్తున్నాయి. పైన గోనెపట్ట కప్పాము. చీకటి, వెచ్చదనం, చప్పుడు లేకపోవడం, ఈ మూడూ కావాలి. కోడి ఒంటి వేడి మన కంటే ఎక్కువ, 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. తడిసి భయపడి రక్తం పోయినప్పుడు అది పడిపోతుంది. గంపకు ఒక పక్కన 60 వాట్ల బల్బు వెలిగించాము. ఒక పక్కనే, ఎందుకంటే వేడి ఎక్కువైతే అవతలి పక్కకు జరిగే చోటు దానికి ఉండాలి. రైల్వే పార్సిల్ ఆఫీసులో ఉన్న రోజుల్లో గంపల్లో బతికిన కోళ్లు బుక్ అయి వచ్చేవి. బండి దిగినాక గంప చుట్టూ పదిమంది చేరి కదిలించి, మూత తీసి చూసే చోట ఎక్కువ చచ్చేవి. చూడవచ్చినవాళ్లను ఈసారి ఆ గుర్తుతోనే గుమ్మం దగ్గరే నిలబెట్టేశాము. కొందరికి కోపం వచ్చిందని తెలుసు.

నీళ్లు ముఖ్యం. కాచి ఆర్చిన నీళ్లలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు. కోవిల్పట్టిలో బెల్లానికేం కరువు, కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు. ముక్కు తెరిచి గొంతులో పోయకూడదు. కోడి నాలుక మొదట్లోనే ఊపిరి పోయే రంధ్రం ఉంటుంది, పోస్తే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు పక్కన ఒక్కొక్క బొట్టు పెడితే అదే నాకి మింగుతుంది. అక్క ఆ పని గంటకొకసారి తెల్లారిందాకా చేసింది. మేము పోయి పడుకోమన్నా పోలేదు.

గాయం కడగడానికి లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు. కాచి, గోరువెచ్చగా చేసి, సూది తీసేసిన సిరంజితో మెల్లగా పీచాము. చుట్టూ ఈకలు కత్తెరతో కత్తిరించాలి, లేకపోతే రసి కారి ఈకలు గాయానికి అతుక్కుంటాయి. తరువాత బెటాడిన్ నీళ్లలో కలిపి, పలుచని డికాషన్ రంగుకు తెచ్చి తుడిచాము. కారప్పొడి, కాఫీపొడి, సున్నం వంటివి మా వీధిలో ఇంకా చల్లుతూనే ఉన్నారు. పచ్చి గాయంలో పొడి ఏదైనా ముద్దకట్టి కింద చీము దాస్తుంది. పసుపును కూడా మేము గాయం అంచులకే వాడాము.

పొద్దున ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి ఆటోలో తీసుకొని పోయాము. 1962 నంబరుకు ఫోన్ చేస్తే బండి వచ్చి చూస్తారని అందరికీ తెలుసు కదా, ఆవులకూ మేకలకూ. మూడు కోళ్ల కోసం పిలవడానికి అక్క సిగ్గుపడింది. డాక్టరమ్మ చిన్నది, మా కోడలి వయసు. నవ్వలేదు, విసుక్కోలేదు. ఎర్ర పెట్ట నెత్తి తోలు ఇంకా తడిగా ఉండగానే తెచ్చారు కాబట్టి పనికొస్తుందని లాగి ఐదు కుట్లు వేసింది. ఎండిపోయి ఉంటే కుట్టడానికి ఉండదంట. కాకి పెట్ట రంధ్రాలను మాత్రం కుట్టలేదు. పంటి గాటు పైకి చిన్నది, లోపల లోతు. పైన మూసేస్తే లోపల చీము పట్టడానికి మనమే తలుపు వేసినట్టు అవుతుంది. తెరిచి ఉంచి రోజూ కడగమంది. మూడింటికీ మందు రాసిచ్చి, మందు తాగినన్ని రోజులూ, ఆపినాక తాను చెప్పిన ఇన్ని రోజులూ ఆ కోళ్ల గుడ్లు తినకూడదు, అమ్మకూడదు అంది. అక్క తల ఊపింది. గుడ్డు పెట్టేది ఎప్పుడమ్మా అని మాత్రం అడిగింది.

రెండో రోజు నుంచి మా భయం ఈగలది. ముసురులో నీలి ఈగ గాయం వాసన పట్టి వస్తుంది. బియ్యపు నూక కంటే చిన్నగా, తెల్లగా గుంపుగా గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులోపే పురుగులవుతాయి. అందుకే గంపలకు దోమతెర కట్టాము, పొద్దున సాయంత్రం వెలుగులో గాయాలు చూశాము. మా అమ్మ ఆవులకు చేసే నూనె ఒకటి ఉంది. కుప్పైమేని ఆకు, అదే కుప్పింటాకు, దానితో వేపాకు, వెల్లుల్లి, పసుపు నూరి నూనెలో కాచేది. ఇట్లాంటి మందులను పశువులకు వాడమని తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లే ఇప్పుడు రైతులకు చెబుతున్నారు. కుట్లు మానుతున్నప్పుడు డాక్టరమ్మను అడిగి, దూదితో అంచుల్లో పెట్టాము. ఈకలకు నూనె అంటనివ్వకూడదు, అంటితే ఆ చోట వెచ్చదనం ఆగదు.

మేత విషయానికి వస్తే మొదటి రోజు ఏమీ తినలేదు. రెండో రోజు ఉడికించిన కంబన్నం, సన్నగా తరిగిన చిన్న వెంగాయం, ఉడికిన గుడ్డు సొన. కోడికి గుడ్డు పెట్టేదేమిటని మనుమరాలు ఏడుపు మొహం పెట్టింది. ఎర్ర పెట్ట ముందుగా లేచి తిన్నది అదే.

కాకి పెట్ట తినలేదు. మూడో రోజు రెక్కలు వేలాడేసి, పచ్చగా రెట్ట వేసి, కళ్లు మూసుకొని ఉంది. రెక్క కింద తోలు నల్లబడింది. మళ్లీ ఆసుపత్రికి పోయాము, మందు మార్చారు. నాలుగో రోజు తెల్లారేసరికి పోయింది. ఎముక కనిపించిన ఎర్రది కూర్చొని గింజలు ఏరుకుంటోంది, చుక్క రక్తం రానిది పోయింది. చూసినవాళ్లలో ఒకాయన "ఆరోజే కోసి ఉంటే కూర అన్నా అయ్యేది" అన్నాడు. అక్క ఆయన మొహం చూడకుండానే చెప్పింది, "తల ఎత్తతా ఉండేదాన్ని ఎట్ల కోసేది?"

ఈ విషయంలో మా అభిప్రాయం కూడా చెప్పేస్తాము. పేగు బయటపడినా, నడుము విరిగి రెండు కాళ్లూ చచ్చుబడినా, ఒక రోజు దాటినా తల ఎత్తకపోయినా, దాన్ని నానబెట్టకుండా చెయ్యి తిరిగినవాళ్లతో వెంటనే ముగించాలి. అక్కకు కూడా ఆ మాట తెలుసు. ఇంతకుముందు లారీ కింద పడిన ఒకదాన్ని ఆమే చేయించింది. తోలు లేచినదీ, కాలు ఈడ్చేదీ అట్లా కాదు. కోడి తోలు పలచన, చూడడానికి ఘోరంగా ఉంటుంది, కానీ మానేది కూడా తొందరగా మానుతుంది.

గాయం లేని నాలుగింటి సంగతి మేము ఊహించని తల నొప్పి. గూట్లోకి పోనే పోవు. సాయంత్రమైతే వేపచెట్టెక్కి కూర్చున్నాయి, అదే మరనాయి తిరిగే చెట్టు. చీకటి పడినాక నిచ్చెన వేసి ఒక్కొక్కదాన్నీ దించి, వంటింటి వసారాలో గంప కింద పెట్టాము. పదహారు రోజులు ఇదే పని. కన్ను ఆనని గుణం అప్పుడు మాకు పనికొచ్చింది, పట్టుకుంటే కదలవు. గుడ్డు ఒక్కటీ లేదు. భయపడిన కోడి పెట్టడం ఆపేస్తుంది, పైగా ఈకలు రాల్చింది ఒకటి. అక్క చీటీ కార్తిగెలో ఆగింది. మా దగ్గర తీసుకోదు కాబట్టి మా ఇంటావిడ దగ్గర 1,200 రూపాయలు అప్పు పుచ్చుకొని కేలండర్ వెనక రాసుకుంది. ఇద్దరి డబ్బూ ఒక పెట్టెలోదే అని మేము అనలేదు.

ఈలోపు గూడు బాగుచేశాము. వేపకొమ్మలు కప్పుకు మనిషి చెయ్యి చాపినా అందనంత దూరానికి కొట్టించాము. పెంకుల కింద అరంగుళం కన్ను వెల్డు వల, గోడ మీదికి మడిచి మేకులు కొట్టాము. ఆరు మూలల సన్న కోళ్ల వల అంటారే, అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది, పళ్లున్నదాన్ని లోపలికి రాకుండా ఆపదు. నేలకు కూడా వల పరిచి అడుగు మేర బయటికి చాపి మట్టి కప్పాము, కీరికీ పందికొక్కుకూ. వలకు 2,400 అయింది. సగం నాది అంది అక్క, అదీ కేలండర్ ఎక్కింది. మూడో రాత్రి అది మళ్లీ వచ్చింది. పొద్దున ఒక పెంకు జరిగి ఉంది, వల మీద గోళ్ల గీతలు ఉన్నాయి. ఒకసారి తిన్న చోటికి తప్పకుండా వస్తుంది. కొట్టిన మరునాడే బాగుచేయాలనేది ఇందుకే.

గాయం ఎర్రగా ఉన్నంతవరకు దాన్ని మందలో వదలకూడదు. కోడికి ఎరుపు కనిపిస్తే పొడుస్తుంది, ఒకటి మొదలుపెడితే అన్నీ పొడుస్తాయి, రాత్రి మరనాయి మిగిల్చినదాన్ని పగలు తోటికోళ్లు ముగిస్తాయి. నాలుగు వారాలకు ఎర్రదాని నెత్తి మీద పొర కట్టింది. గంపతో సహా గూట్లో మూడు రోజులు పెట్టి, ఒకదానినొకటి చూసుకున్నాక, నాలుగో రోజు చీకటి పడేటప్పుడు గంప ఎత్తేశాము. ఎర్రది తన చోటికి తాను పోయింది. పొడలది కాలు బాగయింది గానీ పాత పెద్దరికం పోయింది, ఇప్పుడు కడపటి కర్ర మీద కూర్చుంటుంది. మేత దగ్గర కూడా అందరి తరువాతే. పీకిన ఈకల చోట కొత్త ఈకలు నెలన్నరకు వచ్చేశాయి. సగానికి విరిగినవి మాత్రం అట్లే మోళ్లుగా ఉన్నాయి, అవి రాలి కొత్తవి వచ్చేది మళ్లీ ఈకలు రాల్చే కాలానికే.

మార్గళి కడలో మొదటి గుడ్డు. ఎవరు పెట్టిందో తెలియలేదు. తై పదో తేదీకల్లా రోజుకు రెండు వచ్చాయి. కేలండర్ వెనక 1,200లో 450 కొట్టేసి ఉంది. ఎర్రది ఏడు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంది, నెత్తి మీద అరచేతిలో సగమంత బోడి అట్లే ఉంది, అక్కడ ఈక వచ్చేటట్టు లేదు. పుంజు పోయి నెలలయింది కాబట్టి దాని గుడ్లు పిల్లలయ్యేవి కావు. అవి తీసేసి, మేలవీధి మరదలి ఇంట్లో పుంజు ఉంది కదా, అక్కడి నుంచి పదకొండు తెచ్చి రాత్రి పూట కింద పెట్టాము. ఊరికే ఇవ్వబోతే అక్క ఒప్పుకోలేదు, పిల్లలు లేచినాక రెండు ఇస్తానని మాట ఇచ్చింది. ఇరవై ఒక్క రోజుల లెక్కలో ఈరోజు పద్నాలుగోది. నిన్న రాత్రి టార్చికి అడ్డం పెట్టి చూస్తే తొమ్మిదింటిలో నరాలు కనిపించాయి, రెండు తెల్లగా ఉన్నాయి.